గేదెలు దిగని మడుగు

"మళ్లీ వచ్చారా పెద్దాయనా?"

టీచరమ్మ గొంతులో కోపం లేదు. కోప్పడడానికి కావలసిన ఓపిక ఎప్పుడో అయిపోయింది.

మడుగు గట్టు మీద గేదెల పెద్దాయన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. వెనక ఆయన మంద. ముందు నిన్ననే బిగించిన ముళ్లతీగ.

"నేనెప్పుడూ వచ్చేవాణ్ణే కదమ్మా. తీగే కొత్తగా వచ్చింది."

ఆమె పక్కనున్న మందుల షాపాయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

మడుగు పరిరక్షణ సంఘం అంటే నిజానికి వాళ్లిద్దరే. మిగతావాళ్లు ఫొటోలు తీసే రోజున వస్తారు.

చమురు కంపెనీ ఈ మడుగు మధ్యలోంచి పైపులైను వేస్తానంది. ఎర్రమెడ కొంగలు గూళ్లు కట్టేది ఇక్కడేనని, అవి ఇక ఎక్కువ మిగల్లేదని చెప్పుకుంటూ టీచరమ్మ ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. విని విని విసిగిపోయిన అటవీశాఖ ఆఫీసరు ఆఖరికి ఒక మాట ఇచ్చాడు.

"వానాకాలంలో నేనే వచ్చి చూస్తాను. గూళ్లుంటే పైపులైను దారి మళ్లిస్తాం. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

అందుకే ఈ తీగ.

"మీ గేదెలు తొక్కితే గుడ్లు పగిలిపోవూ?" అంది టీచరమ్మ.

"అవి పిట్టల జోలికి పోగా నేనైతే చూడలేదమ్మా."

"చూసుకుని నడుస్తాయా ఏం?"

"నాకంటే బాగానే నడుస్తాయి."

"పెద్దాయనా, మీకు దణ్ణం పెడతాను. కొంగలకి ఇంకో మడుగు లేదు."

"నాకు మాత్రం ఉందా? చుట్టూ పొలాలే కదమ్మా."

ఆమె తీగ మధ్యనున్న గేటు లాగి మూసింది. తాళం వేసింది.

పెద్దాయన కాసేపు నీళ్ల వైపు చూశాడు. "సరేలే, నేను తప్పుకుంటే పిట్టలు బతుకుతాయంటున్నావు" అని మందను వెనక్కి మళ్లించాడు.

కొన్నాళ్లకు మందను అమ్మేసి టౌనుకు వెళ్లిపోయాడని తెలిసింది.

"మంచివాడే. గొడవ పెట్టుకోకుండా పోయాడు" అన్నాడు మందుల షాపాయన.

ఒక తలనొప్పి తగ్గిందనుకుంది టీచరమ్మ.

వానలు పడ్డాయి. తీగ లోపల మనిషి అడుగు గానీ, గిట్ట గుర్తు గానీ లేదు. జమ్ముగడ్డి మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది, చివరికి మనిషిని మించిపోయింది. టీచరమ్మ రోజూ బడి వదలగానే వచ్చి, ఆ పచ్చదనం చూసి మురిసిపోయేది.

"కొంగలు తిన్నాయో లేదో అని బెంగపడతావు. నేను తిన్నానో లేదో ఎప్పుడైనా అడిగావా?" అన్నాడు ఇంట్లో భర్త, చల్లారిన పళ్లెం ముందు కూర్చుని.

కొంగలు వచ్చాయి. మడుగు మీద గుండ్రంగా తిరిగి, వెళ్లిపోయాయి.

రేపు దిగుతాయిలే అనుకుంది. మర్నాడూ అలాగే తిరిగి వెళ్లిపోయాయి.

ఆఫీసరు మాట తప్పలేదు. గట్టు మీద నిలబడి, చేతులు నొప్పి పుట్టేదాకా దుర్భిణిలోంచి చూశాడు.

"ఏవమ్మా కొంగలు?"

"వస్తాయండీ. ఏటా వస్తాయి. ఈసారి ఎవరూ కదిలించకుండా తీగ కూడా వేయించాం."

"ఇవి పొట్టి గడ్డిలో, నీళ్లు కనబడే చోట దిగే పక్షులమ్మా. ఇంత జమ్ములో ఎక్కడ దిగుతాయి? ఇదివరకు దీన్ని ఎవరు కోయించేవాళ్లు?"

"ఎవరూ కోయించలేదండీ. దానంతటదే..."

ఆమె గేటు వైపు తిరిగింది. గేటు అవతల, ఒకప్పుడు గేదెలు మేస్తూ దిగే దారి కూడా గడ్డితో మూసుకుపోయి ఉంది.

"ఒక్క ఏడాది గడువు ఇప్పించండి" అంది చివరికి.

"పైపులు లారీలకెక్కేశాయమ్మా." ఆయన గొంతులోనూ అలసటే. "కనబడింది రాయాలి కదా నేను."

మర్నాడు టీచరమ్మ టౌనంతా తిరిగింది. పెద్దాయన బస్టాండు పక్కన సైకిల్ స్టాండులో దొరికాడు. ఆమెను చూసి గబగబా లేచి తన స్టూలు జరిపాడు.

"కూర్చోమ్మా. ఇంత దూరం వచ్చావేంటి?"

"గేదెల కోసం..."

"ఇంకెక్కడి గేదెలమ్మా, తలో చోటికీ పోయాయి. ఇప్పుడు ఈ సైకిళ్లే నా మంద. మేత అడగవు, సుఖంగా ఉంది." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అది సరే గానీ, పిట్టలొచ్చాయా?"

మళ్లీ మంద కట్టమని, కావాలంటే కాళ్లు పట్టుకుంటానని చెప్పడానికే బయల్దేరింది ఆమె. ఆ మొహం చూశాక నోరు రాలేదు.

"వచ్చాయి పెద్దాయనా."

"గూళ్లు పెట్టాయా?"

"పెట్టాయి."

"పోనీలే. ఇన్నేళ్లూ నా గేదెల మధ్యే తిరిగాయి కదా, వాటి మీద అదో ఇది. నేను తప్పుకుంటే బతుకుతాయన్నావనే తప్పుకున్నాను."

ఎవరో టోకెను చాపితే అందుకోవడానికి వెళ్లాడు, సంఘం పుట్టకముందు నుంచీ ఆ మడుగును కాపాడిన ఒకే ఒక్క మనిషి. ఆయన్ని బయట పెట్టి తాళం వేసిన చేతుల్ని ఒళ్లో దాచుకుని టీచరమ్మ ఆ స్టూలు మీదే ఉండిపోయింది.