పనికిరాని దగ్గు

“ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి. మాటల మధ్య అతకడానికి ఉత్త గది చప్పుడు కావాలి,” అంటూ సౌండు రికార్డు చేసే అతను మైకు పైకెత్తాడు.

రాయిని పొడి చేసే మిల్లులో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న వాళ్లమీద డాక్యుమెంటరీ అది. నిరుడు ఈ ఇంట్లోనే సగం తీశారు. మిగతా సగానికి ఇప్పుడొచ్చారు.

నిమిషం గడిచింది. ఈగ వాలిన చప్పుడు కూడా లేదు.

“అబ్బ, ఎంత శుభ్రంగా వచ్చిందో!” అన్నాడతను.

“రాదూ మరి? నిరుడు దగ్గి దగ్గి మీ పని చెడగొడుతున్నాడని మా ఆయన్ని వీధిలో కూర్చోబెట్టారుగా. ఆయన పోయి ఆర్నెల్లయింది. ఇంక మీకా ఇబ్బంది లేదు,” అంది ఇంటావిడ.

అతను మైకు కిందికి దించాడు.

“బాబూ, ఆ దగ్గు మీ దగ్గరుందా? ఓసారి వినిపిస్తారా? మాట పెగలదని ఆయన్ని మీరేమీ అడగనేలేదు. మా దగ్గర ఫొటో ఉంది గానీ గొంతు లేదు.”

“అది... పనికిరాదని అప్పుడే చెరిపేశానమ్మా.”

“పోనీలెండి. మీరు మాత్రం ఏం కలగన్నారు!”

అంతలో లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. తండ్రి పోయాక అదే మిల్లులో చేరిన పెద్దకూతురు, పనినుంచి వచ్చి పడుకుంది.

ఇంటావిడ గబుక్కున లేచింది. “ఉండండి, దాన్ని వీధిలోకి పంపిస్తాను.”

“వద్దమ్మా, దగ్గనివ్వండి.” అతను మైకు ఆ తలుపువైపు తిప్పాడు.

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“దీన్ని మాత్రం చెరపకండేం, బాబూ.”