చిల్లులోంచి వచ్చిన రాజీనామా

సాయంత్రం ఆరింటి మీటింగులోపు ఆమె చెయ్యాల్సినవి: వెబ్‌సైటుకి తగిలించిన ప్లగిన్ పీకెయ్యాలి. అందులో లాగిన్ అయి ఉన్నవాళ్లందర్నీ బయటికి పంపాలి. పాస్‌వర్డులు మార్పించాలి. దొంగను పట్టుకోవాలి. వీటన్నిటికంటే ముందు ప్రెసిడెంటు గారి చేత తిట్లు తినాలి.

తిట్లు పొద్దున ఎనిమిదికే మొదలయ్యాయి.

"ఏమ్మా, నేనిక్కడ పళ్లు తోముకుంటుంటే, అక్కడ మన సైటులో ఎవడో నా పేరుతో నా రాజీనామా పెట్టేశాడు!"

ఫ్లాట్ల సంఘానికి ఆయన పదకొండేళ్లుగా ప్రెసిడెంటు. లిఫ్టులో బల్బు మారాలన్నా ఆయన సంతకం పడాల్సిందే. సంఘం వెబ్‌సైటు చూసుకునేది ఈమె. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. దొరికిన మొదటి పని ఇదే.

సైటుకి చిల్లు ఉన్న మాట నిజం. "మీ వేరే ఖాతాతో లోపలికి రండి" అనే బటన్ కోసం ఆ ప్లగిన్‌ని ఆమే తెచ్చి పెట్టింది. వచ్చినవాడు నిజంగా వాడేనా అని అది ఆ ఖాతా ఇచ్చిన కంపెనీని అడగాలి. అడగదు. ఎవరి ఈమెయిలు చెప్పినా చాలు, "రండి సార్" అని సలాం కొట్టి గేటు తీసేస్తుంది. సంగతి తెలియగానే, ఈ గొడవకి ముందే, ఆమె కమిటీకి ఉత్తరం రాసింది. చదివింది ప్రెసిడెంటు గారొక్కరే. "చూద్దాంలేమ్మా" అన్నారు.

"ఎంతమంది చూశారండీ?"

"నూట పన్నెండు మంది. నలభై ముగ్గురు బొటనవేలు ఎత్తారు. మూడో అంతస్తు ముసలాయనైతే 'ఇన్నాళ్లకి!' అని రాశాడు." ఆయన ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నారు. "ఇంకెవరూ ఏమీ రాయలేదా? సరిగ్గా చూడు."

"లేదండీ."

"అయితే ఇది దొంగ పనే అని తేల్చు. లేకపోతే సాయంత్రానికి సెక్రటరీ నా కుర్చీలో ఉంటాడు."

ఎవరెప్పుడు ఎలా లోపలికొచ్చారో రాసి ఉండే లాగ్ తెరిచింది. ఒకసారి చదివింది. తాగుతున్న నీళ్లు పొలమారాయి. మళ్లీ చదివింది.

ఆరింటికి సెక్రటరీ ఇస్త్రీ చొక్కాలో వచ్చి, తిన్నగా నడిమి కుర్చీలో కూర్చున్నాడు.

"దొంగ దొరికాడా? లేదంటే రాజీనామా రాజీనామాయే."

ప్రెసిడెంటు గారు తలొంచుకుని చెప్పుల వైపు చూసుకుంటున్నారు. పదకొండేళ్లలో ఆయన మొదలుపెట్టని మీటింగు అదే.

ఆమె లేచింది. "చిల్లుందండీ. ఎవరి పేరుతోనైనా ఎవరైనా రావచ్చు. ఆ ప్లగిన్ పెట్టింది నేను. తప్పు నాది."

సెక్రటరీ గొణుక్కుంటూ కుర్చీ ఖాళీ చేశాడు. ఆ కోపంలోనే సైటు పని వేరేవాళ్లకి ఇవ్వాలన్నాడు. అందరూ సరేనని చేతులెత్తారు. ప్రెసిడెంటు గారు మాత్రం, "పోనీలెండి, చిన్నపిల్ల, నేర్చుకుంటుంది" అని పెద్దమనసుతో ఆమెను క్షమించేశారు.

ఇలాంటి ప్లగిన్ల మాట ఎక్కడైనా వస్తే ఈ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి: ఆ పొద్దున చిల్లులోంచి ఎవరూ దూరలేదనీ, 'వద్దండీ, మీరే ఉండాలి' అని జనం బతిమాలుతారన్న ఆశతో ప్రెసిడెంటు గారే తన ఫోన్లో, తన పాస్‌వర్డుతో ఆ రాజీనామా పెట్టుకున్నారనీ లాగ్‌లో చూసి కూడా ఆమె నోరు మెదపలేదు.