ముందు సామాను, తర్వాత మనుషులు

నొప్పులు ఇంకా మొదలవలేదు గానీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. సర్దిన ఆసుపత్రి బ్యాగునే మళ్ళీ సర్దింది. రెండు నైటీలు, ఉతికి ఆరేసిన మెత్తటి పొత్తిగుడ్డలు, తను అల్లిన పసుపురంగు టోపీ. జిప్పు లాగింది.

పొద్దుట్నుంచి కడుపులో కుదురు లేకుండా తంతున్న బిడ్డ ఠక్కున ఆగిపోయింది.

నిద్రపోయి ఉంటుందిలే అనుకుంది. అయినా మనసు ఊరుకోక, దువ్వెన మర్చిపోయానన్న వంకతో జిప్పు తీసింది. బిడ్డ తన్నింది. మూసింది. ఆగిపోయింది. మళ్ళీ తీసి టోపీ ముట్టుకుంది. ఎవరి తలమీంచో ఇప్పుడే తీసినట్టు వెచ్చగా ఉంది.

ఇంక మూయకూడదనుకుని, బ్యాగు మంచం మీదే వదిలేసి మంచినీళ్ళకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బ్యాగు లేదు.

"డిక్కీలో పెట్టేశా," అన్నాడు భర్త. టాక్సీ డ్రైవరు కదా, ముందు సామాను, తర్వాత మనుషులు. "నోరు తెరుచుకునుంటే జిప్పు కూడా వేశా."

ఆమె రెండు చేతులూ కడుపుమీద వేసుకుంది. లోపల చడీచప్పుడూ లేదు.

"వెళ్ళి తియ్యి."

"పొద్దున చూద్దాంలే."

"ఇప్పుడే తియ్యమంటున్నా."

అతను గొణుక్కుంటూ తాళాలు పట్టుకుని బయటికి నడిచాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. వీధంతా మాటుమణిగింది. డిక్కీ దగ్గర అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రేకుని లోపల్నుంచి ఏదో తంతోంది, మెత్తగా, కుదురు లేకుండా.

అతను వెనక్కి తిరిగాడు.

"ఇందులో ఏం పెట్టావు నువ్వు?"