ఐదు తిరుగు కవర్లు

"అమ్మా, నన్ను తీసుకున్నారు!"

పిచ్చుక ఫోను పట్టుకుని కుట్టుగదిలోకి దూసుకొచ్చేసరికి వాళ్లమ్మ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. ఎదురుగా బ్యాంకు మేనేజరు ఒంటిచేతి కోటుతో నిలబడి ఉన్నాడు. కోటు రెండో చేయి ఇంకా బల్ల మీదే ఉంది.

"పది మందిలో నేనొకదాన్ని. పది రోజులు కథలు రాయడం నేర్పిస్తారట. ఆఖర్న మా కథలన్నీ కలిపి పుస్తకం వేస్తారట. రేపు పత్రికాఫీసుకి రమ్మన్నారు." ఊపిరి తీసుకోకుండా వాగుతుందనే ఇంట్లో ఆ పిల్లకి పిచ్చుకని పేరు పడింది. ఇవాళ ఆ పేరు పూర్తిగా నిలబెట్టుకుంది.

అమ్మ సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది. కళ్లు మాత్రం కోటు మీంచి తియ్యలేదు.

"శుభమా అని అమ్మాయికి మంచి కబురొచ్చింది. నా కోటు కూడా ఇవాళే ఇచ్చెయ్యండమ్మా. బాగానే కుదిరిందిగా," అన్నాడు మేనేజరు.

"బాగానే ఉంటే చాలదండీ. ఇంకో ట్రయల్ ఉంది. సరిగ్గా కుదిరిందని నాకు అనిపించందే ఏదీ నా గడప దాటదు. రేపు రండి."

ఆ శిక్షణ ఇరవై ఏళ్ల లోపు వాళ్లకే. వచ్చే నెలతో పిచ్చుకకి ఇరవై నిండుతాయి. ఈసారీ కుదరకపోతే ఇక కలం ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అందుకే ఆ పిల్ల కాళ్లు నేల మీద ఆగడం లేదు.

రెండేళ్లుగా ఆ పత్రిక కొత్త కలాల పేజీకి ఐదు కథలు పంపింది. స్టాంపులు అంటించి, తన చిరునామా తనే రాసిన తిరుగు కవరు జతచేస్తే, వేసుకోని కథలు వెనక్కి పంపుతామని పత్రికవాళ్ల నియమం. పోస్టు డబ్బాలో వేసే పని అమ్మది. గుండీల కొట్టుకి వెళ్లే దారిలోనే పోస్టాఫీసు. ఐదూ బుద్ధిగా తిరిగొచ్చాయి. పిచ్చుక కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ కవరు చేతికిచ్చేది. ఆ పిల్ల కవరు వంక చూస్తేగా, ఆత్రంగా చింపి లోపలి చీటీ కోసం వెతుక్కునేది.

ప్రతి కథతోనూ పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి ఉండేది. సంతకం లేదు. ఎడమచేత్తో రాసినట్టు వంకర టింకర అక్షరాలు. సంపాదకుడు గడ్డం పెరిగిన బాగా పెద్దాయన అయ్యుంటాడని పిచ్చుక ఊహ.

"మధ్యలో వదులుగా ఉంది. రెండు పేజీలు కత్తిరించు. ఆ ముక్క పారెయ్యకు, ఇంకోదానికి పనికొస్తుంది." ఇది మొదటిది. అప్పుడు పిచ్చుక భోరుమంది.

"తిట్టలేదుగా. ఏం చెయ్యాలో చెప్పారు, చెయ్యి," అంది అమ్మ.

రెండోది: "ఈ ముసలాయన లాంటివాణ్ణి నువ్వెప్పుడూ చూడలేదు. చూసిన మనిషిని రాయి." తర్వాత మరో రెండు. ఐదో చీటీకి పిచ్చుక గంతులేసింది: "దాదాపు కుదిరింది. ఆఖరి పేరా ఒక్కటి విప్పి మళ్లీ రాయి."

ఆ చీటీలన్నీ దగ్గర పెట్టుకుని రాసి, అమ్మ చేత పోస్టు చేయించిన ఆరో కథే ఇప్పుడు ఈ శిక్షణకి ఎంపికైంది.

మర్నాడు పిచ్చుక ఐదు కవర్లూ సంచిలో సర్దుతుంటే అమ్మ మిషను ఆపింది.

"అవెందుకే?"

"ఆయనకి చూపించి థాంక్స్ చెప్పాలి. ఆయన లేకపోతే నేనెక్కడ?"

"అంత పెద్దవాళ్లకి ఇవన్నీ గుర్తుంటాయా? ఇంట్లో పెట్టి వెళ్లు."

"గుర్తులేకపోతే గుర్తుచేస్తా. నువ్వూ రారాదూ?"

"కోటాయన వస్తాడు," అంటూ అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదని కాసేపటికి గానీ చూసుకోలేదు.

పత్రికాఫీసులో గడ్డం పెద్దాయన ఎవరూ లేరు. కాగితాల గుట్టల వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ బిస్కెట్టు టీలో ముంచుకుంటోంది. ఆవిడే సంపాదకురాలు. పిచ్చుక శిక్షణ కాగితాల మీద సంతకాలు పెట్టి, కవర్లు బల్ల మీద పరిచి, గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది.

"నేనెవరికీ చీటీలు రాయను తల్లీ," అంది ఆవిడ. "వారానికి మూడొందల కథలొస్తాయి. వేసుకోనివి మా గుమాస్తా కవర్లో పెట్టి అంటించేస్తాడు, అంతే."

పిచ్చుక ఐదు చీటీలూ కవర్లలోంచి తీసి ఆవిడ ముందు పెట్టింది.

ఆవిడ చీటీలు చదివింది. మళ్లీ చదివింది. టీ చల్లారిపోయింది. "ముప్పై ఏళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను, ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను. మొదటిరోజు క్లాసులో ఇవే చదువుతాను. ఎవరమ్మా ఇంత బాగా రాసింది?"

"మీరే అనుకున్నానండీ."

సంపాదకురాలు ఫైలు తెరిచి, ఆరో కథ వచ్చిన కవరు బయటికి తీసింది. స్టాంపు మీద పోస్టాఫీసువాళ్లు కొట్టిన గుండ్రటి నల్లటి ముద్ర, దాని మధ్యలో తేదీ. దాన్ని ఆ ఐదింటి పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, ఒక్కో కవరూ చూసింది. తర్వాత వాటిని పిచ్చుక వైపు జరిపింది. పిచ్చుక వంగి చూసింది.

ఆ ఐదింట్లో ఒక్కదాని మీదా తపాలా ముద్ర లేదు.