అవునంటే ఒక్కసారి

రెప్ప ఒక్కసారి వేస్తే అవును. రెండుసార్లు వేస్తే కాదు.

ఆ గుర్తులు వీధి వీధంతటికీ తెలుసు. మెడ కింద కదలికా, నోట మాటా పోయిన లిఫ్టు మెకానిక్‌ని చూడ్డానికి ఎవరొచ్చినా ఏదో ఒకటి అడిగేవారు. భార్య అతని మొహం మీదికి వంగి ఠక్కున జవాబు చెప్పేది. ఒకసారి పక్కింటావిడ తన జుట్టుకి వేసిన కొత్త రంగు బాగుందా అని అడిగింది.

"రెండుసార్లు వేశారండీ."

గదంతా గొల్లుమంది.

"మాట పోయినా వెటకారం పోలేదు!" అని పక్కింటావిడే మురిసిపోయింది.

నవ్వనిది బావగారొక్కరే. ఆయన మెకానిక్‌కి అన్నగారు.

తమ్ముడు లిఫ్టు గుంటలో దిగి పనిచేస్తుంటే పైనెవరో కరెంటు వేశారు. ఏడు నెలలైంది. భవనం యజమాని రాజీకొచ్చాడు. కొంత సొమ్ము ఇప్పుడే ఇస్తాడు, ఇక కేసు మాట ఎత్తకూడదు. అది రెండేళ్ళ వైద్యానికి కూడా చాలదు. దావా వేస్తే బతికున్నన్నాళ్ళూ నర్సు ఖర్చుతో సహా రాబట్టవచ్చు. కానీ ఏళ్ళు పడుతుంది, ఓడితే చిల్లిగవ్వ రాదు.

"చేతికందింది తీసుకుందామమ్మా" అన్నారు బావగారు.

"ఆయన వద్దంటున్నారు బావగారూ."

"వాడంటున్నాడా, నువ్వంటున్నావా?"

"మీరే అడగండి."

ఆయన మంచం మీదికి వంగారు. "ఒరేయ్, సంతకం పెట్టేద్దామా?"

"చూశారా, రెండుసార్లు!"

"నాకొకటే కనబడింది."

"అప్పుడు మీరు కళ్ళజోడు సర్దుకుంటున్నారుగా."

పదిహేను రోజులు తిరక్కుండా బావగారు కోర్టులో అర్జీ పెట్టారు. తమ్ముడికి తెలివి లేదు, తనను సంరక్షకుడిగా నియమించమని.

లాయరు ఆమెకు విడమరిచి చెప్పాడు. "మీ ఆయనకి తెలివుందని తేలితే ఆయన మాటే చెల్లుతుంది. లేదంటే మీ బావగారు రాజీ కాగితం మీద సంతకం పెట్టేస్తారు. డాక్టర్లు ఎటూ తేల్చడం లేదు. జడ్జిగారే స్వయంగా వచ్చి చూస్తారట."

ఆమె కుట్టుమిషను అతని మంచం పక్కనే ఉంటుంది. ఆ సాయంత్రం చొక్కా కాలరు కుడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని అక్కతో అంది: "జడ్జి ముందు ఆయన ఉలకకపోతే నా గతేంటే? ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజే ఆ గుంటలోనే ఆయన పని అయిపోయుంటే ఈ పీడ ఉండేది కాదని."

దారం పంటితో కొరికి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

జడ్జి పెద్దావిడ. గదిలోకి రాగానే అందరినీ బయటికి వెళ్ళమంది.

"నేనుండాలండీ. ఆయన రెప్పలు నాకొక్కదానికే అర్థమవుతాయి."

"అందుకేనమ్మా, మిమ్మల్నీ వెళ్ళమంటున్నది."

తలుపు మూసుకుంది. బావగారు మెట్టు మీద కూర్చున్నారు.

"వాడు పలికితే నా అర్జీ ఈ క్షణమే వెనక్కి తీసుకుంటాను. వాడి మీద నాకేం పగ చెప్పు?"

ఆమెకది వినబడలేదు. పది నిమిషాలు. అరగంట. గంట దాటింది. అంతసేపు లోపల ఏం చేస్తున్నట్టు?

తలుపు తెరుచుకుంది.

"ఒక్కో జవాబుకీ నాలుగైదు నిమిషాలు ఆగాల్సొచ్చింది" అంది జడ్జి. "మీరు చెప్పినంత చురుకేం కాదు. కానీ ఒక్కటీ తప్పు పోలేదు. పెళ్ళయి పదేళ్ళా అంటే కాదన్నారు, పదకొండా అంటే అవునన్నారు. రాజీ వద్దట. దావాయే నడపమన్నారు."

బావగారు మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

"చివరగా ఒకటి అడిగాను. ఇన్నాళ్ళూ మీ ఆవిడ మీ మాటే మాకు చెప్తోందా అని. చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నారు. తర్వాత అవునన్నారు." జడ్జి ఆమె భుజం తట్టింది. "వెళ్ళమ్మా, మీ కోసం చూస్తుంటారు."

ఆమె గడప దాటలేకపోయింది.

ఇన్ని నెలలుగా ఆ రెప్పల్లోంచి తను చదివి వినిపించిన ప్రతి అవునూ, ప్రతి కాదూ తను అల్లి చెప్పినవే. ఆ దేహంలో వింటున్న మనిషి ఒకడున్నాడని ఆమెకు తెలిసింది ఇప్పుడే.