సరేనన్న మాటలు

పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా గోడమీది పెట్టె వార్త చదివింది: "మీ పేటను ఖాళీ చేయించి ఓడరేవు కట్టడానికి ప్రజలు ఒప్పుకున్నారు."

ఆ రోజుల్లో ఓట్లు లేవు. ప్రతి ఇంట్లోనూ ఒక పెట్టె మనుషుల మాటలు వింటూ ఉండేది. ప్రజలు ఏమనుకుంటున్నారో ప్రభుత్వానికి అదే చెప్పేది.

"ఎవులు ఒప్పుకున్నారు?" అని గట్టిగా అడిగింది ఎర్నమ్మ.

"మీరే. ఈ ఉప్పుగాలి కొంపలో ఉండలేనని మొన్న మీ ఆయనతో అన్నారు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. అది మొగుడి మీద కోపంతో అన్న మాట. ఇంతలో వీధి చివర బుల్డోజర్ చప్పుడు వినిపించింది. పొయ్యి ఆర్పి బయటికి పరుగెత్తింది.

బుల్డోజర్ ముందు నడుస్తున్న అధికారికి అడ్డం వెళ్లింది.

"నాను ఒప్పుకోనేదు బాబూ. నా నోటితో సెప్తన్నాను, ఇను."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రేవు సంగతి పెద్దవాళ్లు నిరుడే ఖాయం చేశారమ్మా. సరేనన్న మాటలు ఏరి ఇమ్మని మాత్రమే పెట్టెలకు చెప్పారు. వద్దన్న మాటలు ఎవరూ అడగలేదు."

"అయితే ఇప్పుడడుగు."

అతను అడగలేదు. చెయ్యి ఊపి బుల్డోజర్‌ను ముందుకు రమ్మన్నాడు.

ఎర్నమ్మ దాని ఎదుట నేలమీద కూర్చుంది. బుల్డోజర్ దగ్గరికి వస్తున్నా లేవలేదు. పక్కింటి కాసులమ్మ వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది. ఆ వెనకే మిగతా ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. వీధి నిండేసరికి, అధికారి అరుస్తూనే ఉన్నా, డ్రైవర్ ఇంజను ఆపి కిందికి దిగాడు.