మెరుపు పట్టీలు

“ఎవడ్రా నీకీ నల్ల కోటు కొనిచ్చింది? వాణ్ణి పిలువు!”

బడి గేటు దగ్గర బస్సు డ్రైవర్ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. ఎదురుగా ఉన్న రెండో తరగతి పిల్లాడు బిక్కచచ్చిపోయాడు. వాడి వెనకే వాళ్ల నాన్న స్కూటర్ దిగాడు.

“నేనే కొన్నాను. ఏం, తమరి అనుమతి తీసుకోవాలా?”

“తీసుకోవాలి! బస్సు నడిపేది నేను. చీకట్లో ఈ కోటు ఎవడికి కనపడుతుంది? పిల్లాడు ఏమైపోయినా మీకు ఫ్యాషన్ ముఖ్యమా?”

“నోరు అదుపులో పెట్టుకో!”

“పెట్టుకోను. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

పిల్లలు ఆయనకి కస్సుబుస్సు అంకుల్ అని ఊరికే పేరు పెట్టలేదు. కానీ ఈసారి ఆ కోపానికి కారణం ఉంది.

చలికాలం. బడి బస్సు ఇళ్ల దగ్గరికి చేరేసరికే చీకటి పడిపోతోంది. ఆ మధ్య ఒక సాయంత్రం ఒకటో తరగతి చిన్నది బస్సు దిగి, లైట్లు వేసి ఉన్న బస్సు ముందు నుంచే రోడ్డు దాటబోయింది. డ్రైవర్ బస్సు కదిలించాడు. పక్క సీట్లో ఉన్న ఆయన భార్య “ఆపండీ!” అని కెవ్వుమనబట్టి సరిపోయింది. చిన్నదానికీ బస్సుకీ మధ్య జానెడు ఎడం మిగిలింది. దాని ఒంటి మీద ముదురు నీలం కోటు. అందరూ ఆ కోటునే తిట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆయన హెడ్మిస్ట్రెస్ గదిలోకి తలుపైనా తట్టకుండా దూసుకెళ్లాడు.

“మేడమ్, మీ లెక్కలూ పద్యాలూ తర్వాత. ముందు ఈ పిల్లలు ప్రాణాలతో ఇంటికి చేరాలా వద్దా?”

ఆవిడ టైంటేబుల్ ముందుకి లాక్కుంది. రోజూ చివరి పీరియడ్ ఆయనకి అప్పజెప్పింది.

అదేం పాఠమో గానీ, పక్క క్లాసుల్లో ఎవరికీ చెవులు పనిచేసేవి కావు.

“బస్సు దిగి ఎక్కడ నిలబడాలి?”

“దీపం కింద!”

“దాటే ముందు?”

“డ్రైవర్ కళ్లల్లోకి చూడాలి!”

“చూస్తే చాలా?”

“చాలదు! చెయ్యెత్తి, పేరు చెప్పి గట్టిగా అరవాలి! డ్రైవర్ చెయ్యి ఊపితేనే కదలాలి!”

ఒక గడుగ్గాయి లేచింది. “కళ్లల్లోకి చూశాం కదా అంకుల్, మళ్లీ అరవడం దేనికి?”

“ఎదురు ప్రశ్నలా? అరవమంటే అరవాలంతే!”

కోట్లకి వెలుగు పడితే మెరిసే పట్టీలు కుట్టించాడు. ఇంట్లో భార్య కుట్టుమిషన్ ఆగలేదు. ముందు వీపు మీద ఒకటి. చాలదన్నాడు. తర్వాత చేతులకి, టోపీలకి, ఆఖరికి బూట్లకి కూడా. “మావాణ్ణి పెళ్లికొడుకుని చేస్తున్నారా ఏంటి?” అని ఒక తల్లి నవ్వబోయి, ఆయన చూపు చూసి మింగేసింది.

మునిసిపల్ ఆఫీసుకెళ్లి వీధి దీపాల గురించి రభస చేశాడు.

“వెలుగుతున్నాయి కదయ్యా!” అన్నాడు గుమాస్తా.

“అదీ ఒక వెలుగేనా? ఆ దీపం కింద కూర్చుని భోంచెయ్యి, ముద్ద ముక్కులో పెట్టుకుంటావు!”

వాళ్లు పోరు పడలేక కొత్త దీపాలు బిగించారు. మర్నాడు మళ్లీ వెళ్లి మళ్లీ తిట్టాడు.

అంత కోపిష్టీ, పిల్లలు బస్సెక్కుతుంటే మాత్రం ఒక్కొక్కరి తలా చేత్తో తడిమి లోపలికి పంపేవాడు. తల్లులు చూసి మురిసిపోయేవారు. ఇక ఆయన భార్య, ఈ చలికాలమే జీతం లేని ఆయాగా బస్సెక్కింది. దారి పొడుగునా నోరు మూసేది కాదు. “ఎడమ పక్క సైకిలు... కుక్క వస్తోంది... నెమ్మది, నెమ్మది...” టీచర్లు పడీపడీ నవ్వేవారు. “పేరుకే ఆయన డ్రైవరు, తోలేదంతా ఆవిడ నోరే.”

నల్ల కోటు నాన్న ఊరుకోలేదు. ఈ నోటి దురుసు మనిషిని తీసెయ్యాలని నలుగురిని పోగేసుకుని వచ్చాడు. హెడ్మిస్ట్రెస్‌కి ఒళ్లు మండింది.

“ఆయన్ని తీసేస్తే నేనూ పోతాను. మీ పిల్లల గురించి మీకంటే ఎక్కువ బాధపడేది ఆయనే. శనివారం సాయంత్రం అందరూ హాలుకి రండి. మీ కళ్లతో మీరే చూద్దురుగాని.”

శనివారం హాలు కిక్కిరిసింది. డ్రైవర్‌ని తెచ్చి ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన కూర్చోబోయిన భార్యని హెడ్మిస్ట్రెస్ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్క గంటైనా మీ ఆయన్ని వదిలిపెట్టవమ్మా!”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఏదో చెప్పబోయింది. ఎవరూ వినిపించుకోకుండా వెనక తల్లుల వరసలోకి పంపేశారు.

లైట్లు ఆర్పారు. ఈ ఒక్కరోజుకీ పేర్లు అరవొద్దని పిల్లలకి గట్టిగా చెప్పారు. వాళ్లు మునివేళ్ల మీద వచ్చి ముందు వరసకి ఎదురుగా బారుగా నిలబడ్డారు. టీచర్లు టార్చిలైట్లు వేశారు.

హాలంతా ఒక్కసారి “అబ్బ!” అంది. చేతులూ టోపీలూ బూట్లూ తళతళా మెరిసిపోతున్నాయి. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నల్ల కోటు నాన్నే. హెడ్మిస్ట్రెస్ కళ్లు తుడుచుకుంది. వెనక నుంచి డ్రైవర్ భార్య ఒక్కతే జనాన్ని తోసుకుంటూ ముందుకి వస్తోంది.

ఆ రోజు బస్సు కింద పడబోయిన చిన్నది సరిగ్గా ఆయన ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. నేర్పినట్టే ఆయన కళ్లల్లోకి చూసింది. చెయ్యెత్తింది. ఆయన చెయ్యి ఊపేదాకా కదలకూడదు కాబట్టి అలాగే నిలబడింది.

డ్రైవర్ కస్సుమన్నాడు. “దేనికయ్యా ఆ చప్పట్లు, పిల్లలింకా రానే లేదు కదా!”